ఇరవైన్నరకి వంద తక్కువ

“ఏడాది గ్యారంటీ అంటున్నావు, బాగానే ఉంది. ఏడాది నువ్వుంటావా?”

పాతసామాన్ల వ్యాపారి ఈ మాట వెటకారానికి అడగలేదు. ఇనుప ముక్కలూ అట్టపెట్టెలూ తూచే అయిదొందల కిలోల కాటా కింద వెల్లకిలా పడుకుని, బరువుని పసిగట్టే కొత్త లోడు సెల్లు బిగిస్తున్న మనిషి ఎడమ చేతి మీద తాడులా ఉబ్బిన నరం చూసి అడిగాడు. వారానికి మూడు రోజులు ఆ నరంలోకి రెండు సూదులు దిగుతాయని, ఆ మనిషి రక్తం యంత్రంలోకి వెళ్ళి కడిగించుకుని వస్తుందని ఆ వీధిలో అందరికీ తెలుసు.

కాటా మేస్త్రీ కింద నుంచే జవాబిచ్చాడు. “కాటాకి గ్యారంటీ అడిగావు, ఇచ్చాను. నాకే ఎవడూ ఇవ్వలేదు, నీకెక్కణ్ణుంచి తెచ్చిపెట్టను?”

“అందుకే చెప్తున్నా విను. మొత్తం రెండువేల నాలుగొందలు. సగం ఇప్పుడు పట్టుకెళ్ళు. మిగతా సగం ఏడాది నిండాక. కాటా ఉండాలి, నువ్వూ ఉండాలి.”

“కాటా ఉండి నేను లేకపోతే?”

“అప్పుడు రిపేరొస్తే ఎవర్ని అడగను? ఆ డబ్బు దానికే పక్కన పెట్టుకుంటా.”

మేస్త్రీ బయటికి పాక్కుంటూ వచ్చి, చేతులు తుడుచుకుని, బేరాన్ని ఉన్నదున్నట్టు రసీదు మీద రాసి సంతకం పెట్టించుకున్నాడు. ఇందులో క్రూరత్వం వెతకనక్కర్లేదు. డాక్టర్లు శాతాల్లో చెప్పేదాన్ని వ్యాపారి బేరంలో చెప్పాడు, అంతే. నిజానికి డాక్టరు కన్నా వ్యాపారే నయం. సగానికి సగం అని లెక్క తేల్చేశాడు.

మేస్త్రీకి యాభై నాలుగేళ్ళు. ఇరవై ఎనిమిదేళ్ళుగా తూకం యంత్రాలు బాగుచేస్తున్నాడు. షాపంటే ఇంటి ముందుగదే. పొడుగాటి బల్ల మీద పొట్టలు విప్పిన కాటాలు, గోడవారన వరసగా తూకపు రాళ్ళు. ఏటేటా వాటిని తూనికల కార్యాలయానికి మోసుకెళ్ళి ముద్ర వేయించుకొస్తాడు. ఇంట్లో ఎవరూ ఆ రాళ్ళతో మేకు కొట్టకూడదు, గాలికి కొట్టుకునే తలుపుకి అడ్డం పెట్టకూడదు. “కూతుర్ని తిట్టినా ఊరుకుంటారు గానీ రాయికి గీత పడితే మాత్రం ఆ పూట అన్నం తినరు” అంటుంది భార్య. అతను ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో షాపులో కూర్చునేది ఆవిడే. కాటా చదవడం, రాయి పెట్టి చూడడం ఆవిడకి వంట వచ్చినంత బాగా వచ్చు.

షుగరు అతనికి ఇరవయ్యేళ్ళ నుంచి ఉంది. దానికి అతనిచ్చిన విలువ పక్కింటి కుక్కకిచ్చినంత. అరిచినప్పుడు చూసేవాడు, ఊరుకుంటే మరిచిపోయేవాడు. అది అరవకుండా కరిచింది. నాలుగేళ్ళ కిందట రెండు కిడ్నీలూ పోయాయి. దీర్ఘరోగం మనిషిని మెత్తబరుస్తుందని, లోచూపు ఇస్తుందని ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు చెబుతుంటారు. మేస్త్రీకి లోచూపు రాలేదు. వచ్చింది దాహం.

డయాలసిస్ మొదలుపెట్టిన కొత్తలో డాక్టరమ్మని సూటిగా అడిగాడు. “నాకెన్నాళ్ళుందో తూకం చెప్పండమ్మా.”

ఆవిడ కాస్త తటపటాయించి చెప్పింది. ఇలా మొదలుపెట్టిన వందమందిలో అయిదేళ్ళకి సుమారు సగం మంది ఉంటారు. షుగరూ గుండె జబ్బూ తోడైతే ఇంకా తగ్గుతారు. సరిగ్గా వచ్చి, నీళ్ళు అదుపులో పెట్టుకుంటే మీ వంతు పెరగొచ్చు.

“ఎంత అటూ ఇటూ?”

“అంటే?”

“కాటా చూపించేదాంట్లో తేడా ఎంత రావొచ్చని.”

ఆవిడ నవ్వేసింది. “చాలా రావొచ్చు.”

“అయితే అది తూకం కాదమ్మా, కంటితో వేసే అంచనా.”

ఈ వైద్యంలో మాత్రం సగం పని తూకమే. కిడ్నీ పోయిన మనిషికి తాగిన నీరు బయటికి పోయే దారి లేదు. ఒంట్లోనే నిలుస్తుంది. అదనపు నీరు లేనప్పుడు ఎంత బరువుండాలో ప్రతి రోగికీ డాక్టరు ఒక అంకె రాస్తుంది. దాన్ని పొడి బరువు అంటారు. వచ్చిన రోజు బరువులోంచి అది తీసేస్తే ఎంత మిగిలితే అంత నీటినీ యంత్రం నాలుగు గంటల్లో లాగాలి. తక్కువ లాగితే ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. ఎక్కువ లాగితే రక్తపోటు పడిపోతుంది, పిక్కలు మెలితిరుగుతాయి, గుండె తడబడుతుంది. మేస్త్రీ వంతు సోమ, బుధ, శుక్రవారాలు. అందుకని శుక్రవారానికీ సోమవారానికీ మధ్య రెండు రోజుల ఖాళీ. ఎక్కువ నీరు చేరేది అప్పుడే, ఎక్కువ మంది పోయేదీ ఆ ఖాళీ చివరే.

ఇదంతా తెలిసే మేస్త్రీ కాటాని మోసం చేశాడు.

వార్డు తలుపు పక్కన కిటికీ గట్టుకి ఆనుకుని ఉండేది కాటా. దానిమీద నిలబడి, ఒంగినట్టు కనబడకుండా, మోచెయ్యి గట్టు మీద మోపేవాడు. అంకె వణక్కుండా మోపడం అందరికీ చేతనవదు, దానికి ఇరవై ఎనిమిదేళ్ళ పనితనం కావాలి. మొదట అరకిలో తగ్గించాడు, తర్వాత ముప్పావు, అలా పెంచుకుంటూ పోయాడు. వచ్చేటప్పుడూ మోపడమే, వెళ్ళేటప్పుడూ మోపడమే. తక్కువ లాగితే పిక్కలు పట్టెయ్యవు, మర్నాడు రాళ్ళు ఎత్తగలడు, వార్డు చూసుకునే పెద్ద సిస్టర్ తిట్లూ ఉండవు. పైగా ఒక గ్లాసు నీళ్ళు ఎక్కువ తాగొచ్చు. కంచే చేను మేసిందంటారే, అది. మూడో నెలకి రెండు కిలోల నీటిని ఒంట్లో దాచుకుని తిరిగాడు. ఒక ఆదివారం సాయంత్రం కుర్చీలో కూర్చున్నవాడికి ఊపిరి అందలేదు. పెదాలు నీలం తిరిగాయి. మూడు రోజులు ఊపిరి గొట్టం మీద ఉన్నాడు.

బతికొచ్చాక పెద్ద సిస్టర్‌కి తనే చెప్పేశాడు. ఆవిడ మర్నాడు కాటాని గది మధ్యకి లాగించింది. “ఇక నుంచి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని నిలబడండి మేస్త్రీగారూ” అంది. ఎనిమిది మంచాల వార్డులో అలా నిలబడేది అతనొక్కడే. పక్కమంచం టీచరమ్మ, లెక్కలు చెప్పి రిటైరయినావిడ, మొదటిరోజు చూసి, “బెంచీ ఎక్కించలేదు, సంతోషించు” అంది.

వ్యాపారితో బేరం కుదిరిన ఏడో వారం, సోమవారం. మేస్త్రీ పొద్దున ఆరింటికి తన షాపు కాటా మీద చూసుకున్నాడు. అరవై రెండు ఎనిమిది వందలు. పొడి బరువు అరవై. ఆసుపత్రిలో ఏడింటికి నెత్తిన చేతులు పెట్టుకుని ఎక్కితే అరవై నాలుగూ వంద చూపించింది.

“సిస్టర్, ఇంట్లో అరవై మూడు కూడా లేను. కాటా తేడా.”

పెద్ద సిస్టర్ రాసుకుంటూనే ఉంది. “కాటా తేడా సిస్టర్. చెప్పులు బరువు సిస్టర్. చొక్కా తడిసింది సిస్టర్. పన్నెండేళ్ళుగా వింటున్నా. వాళ్ళంటే సరే, మీరు కూడానా?”

“గంటలో కిలో మూడొందలు ఎవడు తాగుతాడమ్మా?”

“రెండు కిలోలు దాచిన మనిషిని ఎరుగుదును.”

దొంగకి తేలు కుట్టినట్టయింది. మంచమెక్కాడు. ఒకవేళ తన షాపు కాటాయే తప్పిందేమోనన్న అనుమానమూ లేకపోలేదు. యంత్రానికి నాలుగు కిలోల వంద లాగమని అంకె పెట్టారు. సూదులు దిగాయి, పంపు తిరగడం మొదలైంది. ఇక నాలుగు గంటలు ఆ చెయ్యి కదపడానికి లేదు.

గంటన్నర గడిచాక ఆరో మంచం ఆయన పిక్క పట్టుకుని కేకేశాడు. కాసేపటికి రెండో మంచం. టీచరమ్మ ఆవులించింది. పది నిమిషాల్లో నాలుగుసార్లు ఆవులించింది. రక్తపోటు జారుతుంటే ముందు ఆవులింతలొస్తాయని నాలుగేళ్ళుగా పడుకుంటున్నవాడికి వేరే చెప్పాలా? మేస్త్రీ ఆవిడ యంత్రం వైపు మెడ తిప్పాడు. లాగాల్సింది మూడు కిలోల నాలుగొందలు.

“టీచరుగారూ, మూడున్నర కిలోల నీళ్ళు తాగారా మీరు?”

“నేనా?” ఆవిడ గొంతు సన్నబడిపోయింది. “రోజుకి మూడు గ్లాసులు. గోడ మీద గీతలు పెట్టుకుంటాను. రెండున్నర దాటిన సోమవారం ఒక్కటి చూపించు.”

“ఇవాళ ఎక్కువ చూపించింది.”

“చూపించింది. పిల్లలు తప్పు చేస్తే చెబుతాను గానీ, యంత్రానికేం చెబుతాం మేస్త్రీ?” అని కళ్ళు మూసుకుంది.

నలభై నాలుగు కిలోల మనిషి. అందులోంచి కిలోకి కొంచెం తక్కువ, ఒంట్లో లేని నీటిని, లాగుతున్నారు. మేస్త్రీకి అనుమానం తీరిపోయింది. ఒకడు తప్పితే మనిషి తప్పు. అందరూ ఒకే వైపు తప్పితే కాటా తప్పు.

“సిస్టర్! నిన్న కాటాని ఎవరైనా ముట్టుకున్నారా?”

“బ్యాటరీ అయిపోతే మెయింటెనెన్సు ఆయన మార్చాడు. ఏం?”

“మార్చాక కొలత సరిచేసుకోడానికి ఇరవై కిలోలు పెట్టమని అడిగుంటుందది. ఏం పెట్టాడో కనుక్కోండి.”

అప్పటికే టీచరమ్మ రక్తపోటు ఎనభైకి దిగింది. సిస్టర్ పరుగున వచ్చి, లాగడం ఆపి, కాళ్ళు ఎత్తు చేసి, సెలైన్ వదిలింది. పావుగంటకి ఆవిడ కళ్ళు తెరిచింది. పోటు నూట పదికి వచ్చింది. సిస్టర్ మళ్ళీ లాగడం మొదలుపెట్టింది. పెట్టిన అంకె పెట్టినట్టే ఉంది కదా, అది పూర్తవ్వాలి. ఇప్పుడు ఆగిన పావుగంట పని కూడా మిగిలిన రెండు గంటల్లోనే ముగించాలి.

“వద్దమ్మా! ఆ అంకె తప్పమ్మా!”

“మేస్త్రీగారూ, నీళ్ళు వదిలేస్తే రాత్రికి ఆవిడకి ఊపిరాడదు. మీకు తెలియందా? మీ మాట మీద ఆపి ఆవిణ్ణి ఇంటికి పంపమంటారా? మీ మాట మీద?”

ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. అతని మాట విలువెంతో అతనికీ తెలుసు. కుడిచేత్తో ఫోను తీశాడు.

“నన్ను నమ్మొద్దు సిస్టర్. నా రాళ్ళని నమ్మండి.”

భార్య వెంటనే ఎత్తింది. “ఏమండీ? ఏమైంది?”

“నాకేం కాలేదు. పదికిలోల రాళ్ళు రెండూ పట్టుకుని ఆసుపత్రికి రా. ఇప్పుడే.”

“రాళ్ళా? ఎవరితో గొడవ పెట్టుకున్నారు?”

“గొడవ కాదే తల్లీ, కాటా తప్పింది. ముద్ర ఉన్నవే తే. గుడ్డలో చుట్టు, గీత పడనీకు.”

“చావు బతుకుల్లో కూడా గీతల గోలే” అని ఫోను పెట్టేసింది.

ఇంటి నుంచి ఆసుపత్రికి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో మేస్త్రీ చేయగలిగింది పక్క యంత్రం మీది అంకెలు చదవడం ఒక్కటే. కిలో తొమ్మిది వందలు లాగింది. రెండు కిలోలు. అతని పిక్కా మెలితిరగడం మొదలైంది. పళ్ళు బిగించాడు. కేకేస్తే సిస్టర్ ఇటు వస్తుంది. ఆవిడ అక్కడే ఉండాలి. రెండు కిలోల రెండొందలు. ఇరవై నిమిషాలు ముప్పై అయ్యాయి. రెండు కిలోల నాలుగొందలు. ఒంట్లో ఉన్న అదనపు నీరు ఇక దాదాపు అయిపోయినట్టే. ఇక్కణ్ణుంచి లాగేదంతా ఉండాల్సిన నీరే.

“టీచరుగారూ. ఏమైనా మాట్లాడండి.”

“ఏం మాట్లాడను?”

“ఎక్కం చెప్పండి. పదిహేడో ఎక్కం.”

“పదిహేడు ఒకట్ల...” అని మొదలుపెట్టింది. నాలుగు దాకా వచ్చింది. అయిదు దగ్గర ఆగిపోయింది. పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. కనుగుడ్లు పైకి వెళ్ళాయి, యంత్రం మోత మొదలుపెట్టింది.

“సిస్టర్!”

పెద్ద సిస్టరూ చిన్న సిస్టరూ ఇద్దరూ ఆ మంచం మీద వాలారు. ఒకరు సెలైన్ సంచీ పిండుతున్నారు, ఒకరు ఆక్సిజన్ పెడుతున్నారు. “టీచరుగారూ! ఇటు చూడండి!” సరిగ్గా అప్పుడే మేస్త్రీ భార్య బజారు సంచీని రెండు చేతులా పట్టుకుని, గుమ్మంలోకి ఒగరుస్తూ వచ్చింది. గేటు దగ్గర కాపలా మనిషి సంచీ విప్పించి, ఆసుపత్రిలోకి ఇనుప గుండ్లు ఎందుకని పది నిమిషాలు ఆపాడట. సిస్టర్లు ఆవిడ వైపు చూసే స్థితిలో లేరు.

“ఎక్కించు” అన్నాడు మేస్త్రీ.

ఆవిడ ఎవర్నీ అడగలేదు. గది మధ్య కాటా దగ్గర కూర్చుని, అరచేత్తో దుమ్ము తుడిచి, సున్నా వచ్చేదాకా ఆగి, ఒక్కో రాయీ మధ్యలో సరిగ్గా దించింది. అంకె నిలబడ్డాక షాపులో చదివే గొంతుతోనే చదివింది.

“ఇరవైన్నరకి వంద తక్కువ!”



“ఇంకోసారి” అన్నాడు మేస్త్రీ.

దించి, మళ్ళీ పెట్టింది. “అదే. ఇరవైన్నరకి వంద తక్కువ. ఇరవైకి నాలుగొందలు ఎక్కువ చూపిస్తోంది.”

పెద్ద సిస్టర్ తలెత్తింది. ఇరవైకి నాలుగొందలైతే అరవైకి కిలో రెండొందలు. లెక్క కట్టడానికి ఆవిడకి రెండు క్షణాలు పట్టింది. ఆ తర్వాత మొదటి మంచం నుంచి ఎనిమిదో మంచం దాకా నడిచి, ప్రతి యంత్రం మీదా నీరు లాగే మీట నొక్కి ఆపేసింది. మేస్త్రీ యంత్రం ఆపుతున్నప్పుడు కూడా అతని మొహం వైపు చూడలేదు.

టీచరమ్మ తెలివిలోకి రావడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. కళ్ళు తెరిచి, నీరసంగా, “ఎనభై అయిదు” అంది. రక్తపోటు చెబుతోందనుకున్నారు సిస్టర్లు. పదిహేడు అయిదులు ఎంతో మేస్త్రీకి తెలుసు.

మధ్యాహ్నం మెయింటెనెన్సు ఆయన్ని నిలబెట్టారు. చెడ్డవాడేం కాదు. ఆదివారం బ్యాటరీ మార్చాక కాటా ఇరవై కిలోల రాయి అడిగింది. రాయి లేదు. వరండాలో మంచినీళ్ళ క్యాను ఉంది. “ఇరవై లీటర్లని దాని మీదే రాసుంది కదండీ! లీటరు నీళ్ళు కిలో కదండీ!” అన్నాడు. చదువుకున్నవాళ్ళు కూడా ఆ మాటే అంటారు. మేస్త్రీ భార్య అలాంటి ఇంకో క్యానుని వరండాలోంచి దొర్లించుకొచ్చి, షాపు నుంచి తెప్పించిన చిన్న కాటా మీద పెట్టింది. ప్లాస్టిక్కుతో సహా పంతొమ్మిది ఆరొందలు. నీళ్ళ వ్యాపారి ఎప్పుడూ మెడ దాకా నింపడు. అతను మిగుల్చుకున్న నీళ్ళు, చుక్క నీళ్ళు ఎక్కువ తాగే హక్కు లేని ఎనిమిది మంది ఒంట్లోంచి రాబోయాయి.

బుధవారం మేస్త్రీ వార్డులోకి వచ్చేసరికి కాటా పక్కన పదికిలోల రాళ్ళు రెండు, కొత్తవి, ముద్రతో ఉన్నాయి. అతను మామూలుగా ఎక్కి నిలబడ్డాడు.

“చేతులు” అంది పెద్ద సిస్టర్.

“ఇంకానా?”

“కాటా సంగతి తేలింది మేస్త్రీగారూ. మీ సంగతి కాదు.”

చేతులు నెత్తిన పెట్టుకున్నాడు. టీచరమ్మ తన మంచం మీంచి మొహం తిప్పుకుని నవ్వుకుంది.

కథ ఇక్కడ ఆపేస్తే బాగానే ఉండేది. కానీ టీచరమ్మ ఆ తర్వాత నాలుగు నెలలే బతికింది. ఒక ఆదివారం రాత్రి, రెండు రోజుల ఖాళీ చివర, నిద్రలో గుండె ఆగింది. నీళ్ళు ఎక్కువ తాగలేదు. గోడ మీద గీతలు మూడే ఉన్నాయని కోడలు చెప్పింది. సోమవారం మంచం ఖాళీగా చూసి మేస్త్రీ పెద్ద సిస్టర్ని అడిగింది ఒక్క మాటే.

“కాటా?”

“శుక్రవారం రాళ్ళు పెట్టి చూశాను. సరిగ్గానే ఉంది.”

అతను ఊరుకోలేదు. తనే వంగి రాళ్ళు పెట్టాడు. ఇరవై. మళ్ళీ పెట్టాడు. ఇరవై. తప్పు ఎక్కడైనా దొరికితే బాగుండునన్నట్టు మూడోసారీ పెట్టబోతే సిస్టర్ అతని చెయ్యి పట్టుకుని ఆపింది. తూకం సరిగ్గా ఉన్నా మనుషులు పోతారు. డాక్టరమ్మ చెప్పిన వందమందిలో ఆవిడ ఏ సగంలో ఉందో అప్పుడు తేలింది. తన సంగతి తేలడానికి మేస్త్రీ బుధవారం మళ్ళీ వచ్చాడు. శుక్రవారం కూడా వచ్చాడు.

ఏడాది నిండిన రోజున రసీదు జేబులో పెట్టుకుని, అదే రెండు రాళ్ళూ సంచీలో వేసుకుని పాతసామాన్ల కొట్టుకి వెళ్ళాడు.

“ఉన్నావే!” అన్నాడు వ్యాపారి. నిజంగానే సంతోషించాడు.

“ఉన్నాను. నీ కాటా ఉందో లేదో చూద్దాం.”

నాలుగు మూలలా పెట్టి చూశాడు. నాలుగు మూలలా ఇరవైకి ఇరవై. వ్యాపారి తల గోక్కున్నాడు. ఈ వారం బేరాల్లేవన్నాడు, సోమవారం రమ్మన్నాడు.

“సోమవారం నాకు కుదరదు.”

“అవును కదూ. మంగళవారం రా అయితే.”

ఆ తర్వాత రెండు మంగళవారాలు గడిచాయి. పన్నెండొందలు ఇంకా రావాలి.